చెన్నైలో పెరుగుతున్న ఆరేళ్ళ మేనకోడలికి ఏ పుస్తకాలు కొనాలి?

మీరు అడిగింది ఇదీ. మీ అక్క కూతురికి వచ్చే నెల ఆరేళ్ళు నిండుతాయి, వాళ్ళు వడపళనిలో ఉంటారు. పాప ఒకటో తరగతి. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు, బడిలో ఇంగ్లీషూ తమిళమూ నేర్పుతున్నారు. కనిపించిన ప్రతిదాని గురించీ ప్రశ్నలు వేస్తుంది. రెండు వేల రూపాయల్లో ఒక పెద్ద ఎన్‌సైక్లోపీడియా కొనిద్దామనుకుంటున్నారు, అది మంచిదేనా అని మీ సందేహం.

ఎన్‌సైక్లోపీడియా వద్దండీ, కనీసం ఈ పుట్టినరోజుకు వద్దు. అదే డబ్బుతో పలచటి పుస్తకాలు ఏడెనిమిది కొనండి. వాటిని కూడా అట్ట మీద వేసిన వయసు చూసి ఎంచకండి. ఆ పాప ఈ మధ్య ఏం అడుగుతోందో తెలుసుకుని, ఆ ప్రశ్నల వెంట వెళ్ళి కొనండి. నేను ఇక్కడే చెన్నైలో చిన్న తరగతులకు చాలాకాలం పాఠాలు చెప్పాను, బడి లైబ్రరీ కూడా చూసుకున్నాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో పిల్లలు పుస్తకాలు తీసుకెళ్ళి తిరిగి తెచ్చే గది ఒకటి నడుపుతున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మూడు నాలుగు వందల పేజీల గట్టి అట్ట పుస్తకం ఆరేళ్ళ పిల్ల ఒళ్ళో నిలవదు. పెద్దవాళ్ళు బల్ల మీద పెట్టి తిప్పి చూపాలి. ఖరీదైనది కదా, చిరుగుతుందేమోనని చాలా ఇళ్ళలో దాన్ని షోకేసులో పెట్టేస్తారు. అసలు ఇబ్బంది లోపల ఉంది. ఎదురెదురు పేజీల్లో పది పదిహేను బొమ్మలు, ఒక్కోదాని పక్కన రెండేసి లైన్లు. చంద్రుడి పేజీ తీస్తే ఆయన భూమికి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని ఉంటుంది. పాప అడిగేది మాత్రం "మనం కారులో వెళ్తుంటే చంద్రుడు మన వెంటే ఎందుకొస్తున్నాడు?" అని. జవాబు ఆ దూరంలోనే ఉంది గానీ ఆ రెండిటినీ కలిపి చూపేవాళ్ళు లేరు. రోడ్డు పక్క దీపస్తంభాలు గబగబా వెనక్కి పోతాయి. దూరాన ఉన్న బిల్డింగులు నెమ్మదిగా కదులుతాయి. చంద్రుడు మరీ అంత దూరాన ఉన్నాడు కాబట్టి మనం వడపళని నుంచి తాంబరం దాకా వెళ్ళినా ఆయన ఉన్నచోటు నుంచి పక్కకు జరిగినట్టు అనిపించడు. మంచి పిల్లల పుస్తకమైతే మొత్తం 24 పేజీలూ ఈ ఒక్క సంగతికే ఇస్తుంది. చదివిన పాప మర్నాడు స్కూల్ వ్యాన్ కిటికీలోంచి తనే చూసి తేల్చుకుంటుంది. నేర్చుకోవడం ఇష్టమైన పిల్లకు కావలసింది అదే.

ఎన్‌సైక్లోపీడియాకు కూడా ఒక వయసు వస్తుంది. తొమ్మిది, పదేళ్ళప్పుడు, అకారాది సూచిక చూసి తనకు కావలసిన పేజీ తనే తీసుకోగలిగినప్పుడు ఇవ్వండి. అప్పుడు అది బాగా పనికొస్తుంది.

ఇక ప్రశ్నల సంగతి. షాపుకు వెళ్ళే ముందు మీ అక్కగారికి ఫోన్ చేసి, ఒక వారం పాటు పాప అడిగిన ప్రశ్నల్ని ఫోన్లో రాసి పెట్టమనండి. వాట్సాప్‌లో మీకు పంపినా చాలు. మీరు కొనబోయే ప్రతి పుస్తకానికీ దారి ఆ ప్రశ్నల్లో దొరుకుతుంది. "సైన్స్ అంటే ఇష్టం" అన్న ఒక్క మాట షాపులో ఎందుకూ పనికిరాదు. సైన్స్ ఇష్టమైన పిల్లల్లో కూడా చాలా తేడా ఉంటుంది.

కొంతమంది పిల్లలకు పేర్లు కావాలి. ఆ పిట్ట పేరేంటి, ఈ కారు పేరేంటి, ఆ జెండా ఏ దేశానిది అని అడుగుతారు. పేర్లు పోగు చేయడం వాళ్ళకు గొప్ప సంతోషం. అది ఉత్త బట్టీ అని కొందరు చిన్నచూపు చూస్తారు గానీ, నేనలా అనుకోను. గువ్వకీ పావురానికీ తేడా పట్టిన కన్ను రేపు ముక్కు ఆకారానికీ తిండికీ ఉన్న సంబంధం కూడా పడుతుంది. ఇలాంటి పిల్లకు పోల్చి చూసుకునే పుస్తకం ఇవ్వండి. పిట్టలు, సీతాకోక చిలుకలు, చెట్ల ఆకులు, ఏదైనా సరే, బొమ్మలు స్పష్టంగా ఉండాలి, మన ఊళ్ళో కనిపించేవి ఉండాలి. ఇంగ్లండు తోటల్లో తిరిగే రాబిన్ బొమ్మ చూసి చెన్నై పిల్ల చేసేదేముంది? ఇక్కడ పళ్ళికరణై చిత్తడి నేలలో, అడయారు నది సముద్రంలో కలిసే చోట, గిండీ పార్కులో కనిపించే పిట్టలు పుస్తకంలో ఉంటే పేజీలో చూసినదాన్ని ఆదివారం కళ్ళారా చూస్తుంది. సాలిం అలీ గారి భారతదేశపు పక్షుల పుస్తకం 1941లో మొదట వచ్చింది. అది పెద్దవాళ్ళ పుస్తకమే. అయినా అందులోని రంగుల బొమ్మలతో కిటికీ బయటి పిట్టను పోల్చుకునే పిల్లల్ని చూశాను. చదివి చెప్పడానికి పక్కన ఒకరుంటే చాలు.

ఇంకొంతమందికి ఎలా పనిచేస్తుందో కావాలి. లిఫ్టు పైకెలా వెళ్తుంది, ఫ్లష్ చేస్తే నీళ్ళెక్కడికి పోతాయి, మెట్రో రైలు తలుపు దానంతటదే ఎలా మూసుకుంటుంది. వీళ్ళకు లోపలి భాగాల్ని కోసి చూపించే బొమ్మల పుస్తకాలు, చేతులతో చేసి చూసే పుస్తకాలు కావాలి. అరవింద్ గుప్తా గారి పేరు వినే ఉంటారు. కాన్పూర్ ఐఐటీలో చదివి, పారేసిన వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయించడమే జీవితమంతా పనిగా పెట్టుకున్నారు, 2018లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన వెబ్‌సైట్లో తెలుగుతో సహా చాలా భాషల పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. అగ్గిపుల్లలూ, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టే పుస్తకం ఒకటి ఇచ్చి, దాంతో పాటు ఆ సామాను కూడా ఒక డబ్బాలో పెట్టి ఇవ్వండి. సామాను లేకుండా ప్రయోగాల పుస్తకం ఒక్కటే ఇస్తే ఆరోజు సాయంత్రమే పాప నిరాశ పడుతుంది, ఎందుకంటే ఇంట్లో అవేవీ సిద్ధంగా ఉండవు. ఆరేళ్ళ పిల్ల కాబట్టి అగ్గిపుల్లల తలలు ముందే తీసేసి ఇవ్వండి.

మూడో రకం "ఎందుకు" పిల్లలు. మీ మేనకోడలు ఈ కోవలోకే వస్తుందని మీరు రాసినదాన్ని బట్టి అనిపిస్తోంది. సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుంది, తాతయ్య జుట్టు ఎందుకు తెల్లబడింది, చచ్చిపోయిన చీమ ఎక్కడికి పోతుంది. వీళ్ళకు పుస్తకం ఎంచడం కష్టం. ప్రశ్న, కింద నాలుగు లైన్ల జవాబు, మళ్ళీ ప్రశ్న అన్న పద్ధతిలో వచ్చే "వంద ప్రశ్నలు" లాంటి పుస్తకాలు వీళ్ళకోసమే చేసినట్టు కనిపిస్తాయి. నేను మాత్రం కొనను. జవాబు అంత తొందరగా దొరికితే ఆలోచించే పని మిగలదు. ఒకే విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా కథలా తీసుకెళ్ళే పుస్తకం వెతకండి. ఉదాహరణకు సముద్రపు తాబేళ్ళు. మన చెన్నై తీరానికి ప్రతి ఏటా జనవరి నుంచి ఏప్రిల్ లోపు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుకలో పెట్టిన గుడ్లు పిగిలి పిల్లలు రావడానికి దాదాపు 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక బాగా వెచ్చగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతాయి. ఒక ఎందుకు లోంచి ఇంకో ఎందుకు పుట్టుకొచ్చే విషయం ఇది. బీసెంట్ నగర్, నీలాంకరై వైపు రాత్రుళ్ళు తాబేళ్ళ కోసం నడిచే విద్యార్థుల బృందం 1988 నుంచి పనిచేస్తోంది, సీజన్లో మామూలు జనాన్ని కూడా వెంట తీసుకెళ్తారు. తాబేళ్ళ మీద ఒక బొమ్మల పుస్తకం, పాప ఇంకొంచెం పెద్దయ్యాక అలాంటి నడక ఒకటి. ఇంతకన్నా మంచి బహుమతి నాకు తోచదు.

రాకెట్లంటే ఇష్టమైతే మరీ సులువు. శ్రీహరికోట చెన్నైకి ఉత్తరాన దాదాపు 100 కిలోమీటర్లు, ఆకాశం తేటగా ఉంటే ప్రయోగం రోజు మన మేడ మీద నుంచి మంటగీత కనిపిస్తుంది. డైనోసార్లయితే, అమెరికా టీ రెక్స్ దగ్గరే ఆగిపోని పుస్తకం చూడండి. మన గోదావరి లోయలోనే వాటి ఎముకలు దొరికాయి. బరపాసారస్‌ను 1975లో, కోటసారస్‌ను 1988లో శాస్త్రవేత్తలు వర్ణించి పేరు పెట్టారు. కోటసారస్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. వేసవి సెలవులకు అటు వెళ్ళినప్పుడు చూపించవచ్చు.

షాపులో పుస్తకం చేతిలోకి తీసుకున్నాక నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి నేను చేసేది చెబుతాను. ముందు అట్ట, తర్వాత లోపలి పేజీ చూస్తాను. రచయిత పేరు, బొమ్మలు వేసినవాళ్ళ పేరు, అనువాదమైతే అనువాదకుల పేరు ఉన్నాయా? ఎవరి పేరూ లేని పుస్తకాన్ని అక్కడే పెట్టేస్తాను. సూపర్ మార్కెట్లో బిస్కెట్ల పక్కన పెట్టి అమ్మే "101 కథలు" లాంటివి చాలావరకు ఇలాంటివే. ఎవరో రాశారు, ఎవరో కుదించారు, బొమ్మలు ఎక్కడివో తెలియదు. తర్వాత అచ్చు వేసిన సంవత్సరం చూస్తాను. గ్రహాల పుస్తకంలో తొమ్మిది గ్రహాలు ఉన్నాయంటే 2006 తర్వాత ఎవరూ సరిచూడలేదన్నమాట, ప్లూటోను గ్రహాల జాబితాలోంచి తీసేసింది ఆ ఏడాదే. శరీరం గురించిన పుస్తకమైతే నాలుక బొమ్మ కోసం వెతుకుతాను. కొనలో తీపి, వెనక చేదు అంటూ నాలుకను భాగాలు చేసి చూపితే అది తప్పు, నాలుక మీద రుచి తెలిసే చోట్లన్నీ అన్ని రుచుల్నీ పట్టగలవు. చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనిపిస్తుందని రాసినా అంతే. ఇలాంటి ఒక్క తప్పు దొరికితే మిగతా పేజీల మీద కూడా నాకు నమ్మకం పోతుంది.

కాలంతో మారే అంకెల విషయంలో మాత్రం ఇంత కఠినంగా ఉండనక్కర్లేదు. శనిగ్రహం చందమామల లెక్క 2025 మార్చిలో 274కి చేరింది. మూడేళ్ళ కిందటి పుస్తకంలో అంతకన్నా తక్కువ ఉంటుంది. అది పుస్తకం తప్పు కాదు. పాపతో కలిసి ఆ అంకె పక్కన పెన్సిల్‌తో కొత్త అంకె రాయండి. పుస్తకంలో అచ్చయిందంతా శాశ్వతం కాదని అంత చిన్నప్పుడే తెలియడం మంచిదే.

కట్టు కూడా చూడండి. మధ్యలో పిన్ను కొట్టిన పలచటి పుస్తకం పూర్తిగా తెరుచుకుంటుంది, నేల మీద పరిచి బోర్లా పడుకుని చదువుకోవచ్చు. జిగురు పెట్టి అతికించిన లావు పుస్తకాన్ని పిల్లలు వెనక్కి విరిస్తే నెల తిరక్కుండా పేజీలు ఊడుతాయి. అక్షరాలు పెద్దవిగా, లైన్ల మధ్య చోటు ఉండేలా చూడండి. పాప తనంతట తాను చదవాలని కొనే పుస్తకమైతే ఒక పేజీ తీసి చూడండి. అందులో తనకు రాని మాటలు అయిదు దాటేలా ఉంటే, అది పక్కన కూర్చుని చదివి వినిపించాల్సిన పుస్తకం. రెండు రకాలూ కావాలి, కాకపోతే ఏది ఎందుకు కొంటున్నారో మీకు తెలిసి ఉండాలి.

తెలుగు విషయం ప్రత్యేకంగా రాయాలి. మీరు పైపైన ఒక్క మాటలో రాశారు గానీ, నాకు అదే ముఖ్యం అనిపించింది.

తమిళనాడు బళ్ళలో 2006 చట్టం వచ్చాక తమిళం తప్పనిసరి అయింది. పాప తమిళ అక్షరాలు నేర్చుకుంటోంది, మంచిదే, ఉన్న ఊరి భాష రావాలి. తెలుగు మాత్రం చెవికే పరిమితమైపోతుంది. ఇలాంటి పిల్లలు చాలామంది చక్కగా మాట్లాడతారు, పదేళ్ళొచ్చినా నాయనమ్మ రాసిన ఉత్తరం చదవలేరు. ఇంకో సంగతి కూడా ఉంది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. కాబట్టి తమిళం చదివే పిల్ల తెలుగులోకి వచ్చినప్పుడు ఈ నాలుగూ వేరువేరని కొత్తగా పట్టుకోవాలి, ఆపైన ఒత్తులు. మొదటి తెలుగు పుస్తకంలో ఒత్తులు తక్కువగా, వాక్యాలు పొట్టిగా, ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చేలా ఉంటే పాపకు ధైర్యం వస్తుంది.

దీనికి చెన్నైలోనే మంచి వీలుంది. తూలిక ప్రచురణ సంస్థ 1996 నుంచి ఇక్కడే పిల్లల పుస్తకాలు వేస్తోంది, ఇంగ్లీషుతో కలిపి తొమ్మిది భాషల్లో, వాటిలో తెలుగు ఉంది. వాళ్ళ ద్విభాషా పుస్తకాల్లో ఒకే పేజీ మీద ఇంగ్లీషూ తెలుగూ రెండూ ఉంటాయి. పాప ఇంగ్లీషు లైను తను చదువుతుంది, తెలుగు లైను అమ్మ చదువుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. వచ్చిన భాషే కంటికి ముందు ఆనుతుంది కాబట్టి ఇంగ్లీషు చదివేసి పేజీ తిప్పేస్తుంది. అందుకని మొదటిసారి తెలుగు వాక్యాలు మాత్రమే చదివి వినిపించమని మీ అక్కగారికి చెప్పండి, ఇంగ్లీషు రెండో రోజుకు ఉంచండి.

కేవలం తెలుగువి కావాలంటే "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థవి హైదరాబాదు నుంచి తెప్పించండి. పలచటివి, ధర చాలా తక్కువ, వంద రూపాయల లోపే ఎన్నో దొరుకుతాయి. సోవియట్ కాలంలో మనం చదువుకున్న పిల్లల పుస్తకాల్లో కొన్నిటిని కూడా వాళ్ళు మళ్ళీ అచ్చు వేశారు. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం వరుస కూడా చవకే, తెలుగులో చాలా ఉన్నాయి. అందులో బొమ్మలు కొన్నిటికి చాలా బాగుంటాయి, కొన్నిటికి మామూలుగా ఉంటాయి. కాబట్టి చూసి తీసుకోండి.

కొనే ముందు చదివి చూడాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఉంది. 2015లో మొదలైంది, తెలుగు కథలు బోలెడు, ఉచితం, ప్రింట్ తీసుకోవడానికి అనుమతి కూడా ఉంది. నాలుగు స్థాయిలుగా పెట్టారు. మొదటి స్థాయి కథల్లో 250 మాటల లోపే ఉంటాయి, రెండోదానిలో 600 దాకా, మూడోదానిలో 1500 దాకా, ఆపైన నాలుగోది. మీ మేనకోడలికి తెలుగులో మొదటి స్థాయి అక్షరాలు వచ్చాక తను చదవడానికి, మూడో స్థాయి వినడానికి సరిపోతుంది. ఒక రెండు కథలు వీడియో కాల్‌లో మీరే చదివి వినిపించండి. ఏ కథకు "మళ్ళీ చదువు మామయ్యా" అంటుందో చూసి, అలాంటి పుస్తకమే అచ్చులో కొనండి.

వడపళని అన్నారు కాబట్టి ఒక్క ముచ్చట చెప్పాలి. పిల్లల పత్రిక చందమామ పుట్టింది మద్రాసులోనే. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో తెలుగు, తమిళాల్లో మొదలుపెట్టారు. వడపళనిలోనే చందమామ బిల్డింగ్స్ ఉండేవి. అంతకు రెండేళ్ళ ముందు, 1945లో, రేడియో అన్నయ్య, అక్కయ్యలు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు "బాల" పత్రికను ఈ ఊళ్ళోనే తెచ్చారు. చందమామ 2013లో ఆగిపోయింది. మీ పెద్దవాళ్ళ ఇంట్లో బైండు చేయించిన పాత సంపుటాలు ఏమైనా ఉంటే ఒకటి అడిగి తెచ్చి ఇవ్వండి. భాష ఆరేళ్ళ పిల్ల చదవడానికి కష్టం, వినడానికి కాదు. ముఖ్యంగా బేతాళ కథలు. ప్రతి కథా చివర బేతాళుడు చిక్కు ప్రశ్న వేస్తాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు. విక్రమార్కుడి జవాబు చదవకుండా అక్కడ ఆపి, నువ్వైతే ఏం చెబుతావని పాపను అడగండి. ప్రశ్నలు వేసే పిల్లకు తననే ఎవరో ప్రశ్న అడగడం ఎంత ఇష్టమో మీకే తెలుస్తుంది.

పెద్ద బాలశిక్ష ఇద్దామని బంధువులు ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. 1832లో పుదూరు సీతారామశాస్త్రి గారు రాసినప్పటి నుంచి తెలుగు ఇళ్ళలో ఉన్న పేరు అది. ఇప్పుడు దొరికే లావు పుస్తకం ఇంట్లో ఒకటి ఉంటే మంచిదే, సంవత్సరాల పేర్లూ తిథులూ పొడుపు కథలూ పెద్దవాళ్ళు చూసి చెబుతారు. పాపకు పుట్టినరోజు కానుకగా మాత్రం అది సరిపోదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. చదువంటే ఇష్టమున్న పిల్ల అనగానే చుట్టాలంతా వర్క్‌బుక్కులు, జీకే పుస్తకాలు, ఒలింపియాడ్ ప్రశ్నల పుస్తకాలు తెస్తారు. దయచేసి అవి ఇవ్వకండి. అవి బడికి పొడిగింపు. పుట్టినరోజు నాడు తప్పొప్పులు దిద్దే పుస్తకం అందుకున్న పిల్లకు, తన ఇష్టాన్ని కూడా మార్కులతో కొలుస్తున్నారని అర్థమవుతుంది. ఆ తర్వాత ప్రశ్నలు తగ్గిపోవడం నేను తరగతి గదుల్లో చూశాను. అలాగే, ఎన్ని తెలివైన ప్రశ్నలు వేసినా ఆమె ఆరేళ్ళ పిల్లే. కొన్న పుస్తకాల్లో కనీసం రెండు ఉత్త సరదా కథలు ఉండాలి. ఏనుగు జారిపడాలి, పిల్లి పాయసం తాగేయాలి, పాప పడి పడి నవ్వాలి. కథ చివర నీతి ఏమిటి అని ఎవరూ అడగకూడదు.

ఎక్కడ కొనాలంటే, మీరు చెన్నైలో ఉంటే ఒక్కసారి చేత్తో పట్టుకుని చూసి కొనడం మేలు. అన్నాశాలైలోని హిగ్గిన్‌బాథమ్స్ 1844 నాటి షాపు, పాపను తీసుకెళ్ళి ఆ మెట్లూ బీరువాలూ చూపించినా బాగుంటుంది. అయితే అక్కడ తెలుగు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. తిరువాన్మియూర్‌లో తారా బుక్స్ వారి భవనం ఉంది. పత్తి వ్యర్థాలతో చేసిన కాగితం మీద, గోండు లాంటి ఆదివాసీ కళాకారుల బొమ్మల్ని చేత్తో స్క్రీన్ ప్రింట్ చేసి కుట్టిన పుస్తకాలు వాళ్ళవి. వాసన కూడా వేరుగా ఉంటుంది. ఒక్కోటి వెయ్యి రూపాయల చుట్టూ, ఆపైనా పలుకుతుంది కాబట్టి మీ బడ్జెట్‌లో సగం ఒక్కదానికే పోతుంది. ఆరేళ్ళకు తొందర, ఎనిమిదో పుట్టినరోజుకు గుర్తుంచుకోండి. వాళ్ళవి మామూలు అచ్చు పుస్తకాలు కూడా ఉన్నాయి, అవి అందుబాటు ధరలోనే ఉంటాయి.

చెన్నై బుక్ ఫెయిర్‌ను వదలకండి. 1977 నుంచి జరుగుతోంది. డిసెంబరు చివర్లోనో జనవరి మొదట్లోనో మొదలై పొంగల్ రోజుల దాకా ఉంటుంది, ఈమధ్య నందనం వైఎంసీఏ మైదానంలో పెడుతున్నారు. మామూలుగా పది శాతం తగ్గింపు ఇస్తారు. పిల్లల ప్రచురణకర్తల స్టాల్స్ అన్నీ ఒక్కచోట దొరికేది అప్పుడే. వారాంతపు సాయంత్రాలు తొక్కిడి ఎక్కువ, పాపతో వెళ్ళేటట్టయితే పనిదినం మధ్యాహ్నం వెళ్ళండి.

కొనక్కర్లేని దారి కూడా ఉంది. 2010లో తెరిచిన కోట్టూర్‌పురం అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. నెలకోసారి మామయ్యతో లైబ్రరీ అన్న కార్డు ఒకటి మీ చేత్తో రాసి పుస్తకాల కట్టలో పెట్టండి. పాప దాన్ని మర్చిపోనివ్వదు.

మీ రెండు వేలు నేనైతే ఇలా ఖర్చు పెడతాను. తూలిక ద్విభాషా పుస్తకాలు రెండు, సుమారు నాలుగైదు వందలు. "మంచి పుస్తకం", నేషనల్ బుక్ ట్రస్ట్ వాటిలోంచి పలచటి తెలుగు కథలు నాలుగు, మూడు వందల లోపు. పాప ప్రశ్నల్లో ఏది ఎక్కువసార్లు వచ్చిందో ఆ ఒక్క విషయం మీద బొమ్మలు బాగున్న ఇంగ్లీషు పుస్తకం, ఐదారు వందల్లో. ఒక భూతద్దం, గీతలు లేని నోటు పుస్తకం, రెండు వందలు. భూతద్దం గాజుదైతే మంచిది, ప్లాస్టిక్‌వి తొందరగా గీతలు పడి మసకబారుతాయి. ఎండలో కాగితం మీద పెట్టకూడదని ముందే చెప్పండి. మిగిలిన నాలుగైదు వందలు ఒక కవరులో పెట్టి బుక్ ఫెయిర్‌లో తనే ఎంచుకోవడానికని ఇవ్వండి. అక్కడ తను ఏది తీసుకున్నా అడ్డు చెప్పకండి. మెరుపుల అట్ట ఉన్న రాకుమారి పుస్తకం తీసుకున్నా సరే. తన డబ్బుతో తను ఎంచుకున్న పుస్తకం వేరు, దాన్ని ఎన్నిసార్లు తిరగేస్తుందో చూడండి.

అన్నీ ఒకేరోజు ఇవ్వాల్సిన పని లేదు. పుట్టినరోజు నాడు ఇల్లంతా జనం, బెలూన్లు, కేకు. ఆ హడావిడిలో ఏడు పుస్తకాలు ఒక మూలకు పోతాయి. ఆరోజు రెండు ఇచ్చి, వాటిలో ఒకటి రాత్రి పడుకునే ముందు మీరే చదివి వినిపించండి. మిగతావి మీ అక్కగారి దగ్గర దాచి, పదిహేను రోజులకొకటి తీయమనండి. ప్రతి పుస్తకం మొదటి పేజీలో పాప పేరు, తేదీ, మీ పేరు తెలుగులో రాయండి, అక్షరాలు విడివిడిగా. బాగా చదువుకోవాలి లాంటి ఉపదేశం రాయకండి. ఆ పుస్తకం ఏ ప్రశ్న వల్ల కొన్నారో రాయండి: "చంద్రుడు మన వెంట ఎందుకొస్తాడని అడిగావుగా, అందుకని" అని. తెలుగులో తను చదవబోయే మొదటి వాక్యం అదే కావచ్చు.

ఇప్పటికే ఇంట్లో ఉన్న పుస్తకాల అరను ఒక ఫోటో తీసి పంపమని మీ అక్కగారిని ముందే అడగండి, కొన్నవే మళ్ళీ కొనకుండా ఉంటారు. బిల్లు పారేయకండి, చాలా షాపులవాళ్ళు వారం పది రోజుల్లో మార్చి ఇస్తారు.